ముప్పై ఒక్క గంటలు నడిచిన డ్రైవ్

"డ్రైవ్ కొనుక్కపోయింది ఎవరు? కంపెనీ మనుషులా, హృషికేశ్ సారేనా?"

స్వర్ణలత ప్రశ్న విని రాజయ్య చేతిలో పని ఆపాడు. ఉప్పల్ రింగ్ రోడ్డు పక్కన అతని కంప్యూటర్ల దుకాణంలో ముగ్గురు నిలబడితే నాలుగో మనిషికి చోటుండదు. కౌంటర్ ముందు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్న జనార్ధనరావు వంక ఒకసారి, తలుపు వంక ఒకసారి చూశాడు.

"ఆయన హృషికేశ్ నాయన. భయపడకు రాజన్నా, చెప్పు" అంది స్వర్ణలత.

పోలీసు శాఖ సైబర్ విభాగంలో పద్నాలుగేళ్ళు పనిచేసి, పై అధికారితో గొడవపడి రాజీనామా ఇచ్చి, సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న మనిషి ఆమె. గొంతు పెంచదు. జవాబు వచ్చేదాకా ఎదుటి మనిషి కళ్ళలోంచి చూపు తియ్యదు. రాజయ్య ఆ చూపుకి ఎక్కువసేపు ఆగలేకపోయాడు.

"ఆయనే వచ్చిండక్కా. ఆటోల ల్యాబ్ కంప్యూటర్ ఏసుకొని వచ్చిండు. పొద్దుగాల ఆన్ జేసి చాయ తాగొస్తే గూడ తెర్సుకుంటలేదు, డిస్క్ మార్చాలె అన్నడు."

"ఏ డ్రైవ్ అడిగిండు?"

"సన్నగ పట్టీ లెక్క ఉంటది సూడు, మస్తు స్పీడ్, అది గావాలె అన్నడు. నేను మదర్‌బోర్డ్ జూసిన. పాతది, దానికి స్లాటే లేదు. సాటా ఎస్ఎస్‌డీ, చక్రం తిరగని చిప్పుల డిస్క్ పెట్టుకో సార్, నీ పాత డిస్క్ కంటే పదింతలు ఉరుకుతది అన్న. ఆయన ఇంటికి ఫోన్ జేసి అడిగిండు."

"నన్నే అడిగాడు" అన్నాడు జనార్ధనరావు. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో ఇంజనీరుగా రిటైరై ఏఎస్ రావు నగర్‌లో ఉంటున్నాడాయన. "డబ్బా మీద రాసిన స్పీడు చూసి మోసపోకు, వారంటీ ఐదేళ్ళున్నది, లోపల సొంత మెమరీ ఉన్నది తీసుకో అని చెప్పాను. నేను ఎంచిందేనమ్మా అది."

ఆయన కొడుకు హృషికేశ్ మూడు వారాలుగా జైల్లో ఉన్నాడు. నాచారంలోని నిర్విక ల్యాబ్స్ అనే చిన్న మందుల కంపెనీలో నాణ్యత పరీక్షలు చేసే ఉద్యోగం. ఆ కంపెనీ తయారుచేసిన కంటి చుక్కల మందు వాడి పదకొండు మంది చూపు పోయింది. ఆ బ్యాచ్ మంచిదేనన్న రిపోర్టు మీద హృషికేశ్ పేరుంది. పట్టుకెళ్ళిన రోజున అతను పోలీసులతో ఒకే మాట చెప్పాడు: "ఆ బ్యాచ్ పనికిరాదని నేను రాశాను. నా కంప్యూటర్‌లో చూసుకోండి." చూశారు. మందు మంచిదన్న రిపోర్టే దొరికింది. దాన్ని తయారుచేసినట్టు నమోదైంది అతని పాస్‌వర్డ్‌తోనే. ఆ తర్వాత అతను నోరు విప్పలేదు. వారం కిందట తండ్రి చూడబోతే, "ఇక వదిలెయ్యండి నాన్నా" అని లేచి వెళ్ళిపోయాడు. బెయిలు విచారణ రేపే.

"పాత డిస్క్‌ల ఉన్నదంత కొత్తదాంట్లకి దించినవా?" అడిగింది స్వర్ణలత.

"అంత దించిన. ఫిట్ జేసి, నడిపి జూపించిన. మస్తు ఖుష్ అయిండు."

"బిల్లు?"

రాజయ్య కంప్యూటర్‌లో వెతికి చూపించాడు. డ్రైవ్ సీరియల్ నంబరు చివర 4471. స్వర్ణలత ఫోన్లో ఫోటో తీసుకుంది. పోలీసులకు ఆ కంప్యూటర్ దొరికేనాటికి ఆ డ్రైవ్ నెల రోజులు పనిచేసి ఉండాలి.

"తర్వాత మళ్ళా వచ్చిండా?"

రాజయ్య కౌంటర్ మీది స్క్రూడ్రైవర్ తీసి సొరుగులో పెట్టాడు.

"వచ్చిండు. ఎప్పుడు?"

"పోలీసోళ్ళు అడగలే, నేను జెప్పలే. నాకెందుకక్కా కోర్టులు?"

"నేను అడుగుతున్న గద."

"టీవీల ఆ కండ్ల మందు సంగతి వచ్చిన దినమే. సాయంత్రం వచ్చిండు. ఎస్ఎస్‌డీని ఇంట్ల కంప్యూటర్‌కు తగిలించెటందుకు కేబుల్ గావాలె అన్నడు. మాటిమాటికి ఎనక్కి జూస్తున్నడు. ఏమైంది సార్ అంటే, ఏం లేదన్నడు."

జనార్ధనరావు తల పైకెత్తాడు. స్వర్ణలత అప్పటికే దుకాణం మెట్లు దిగుతోంది.

*

సుధీంద్ర ఆఫీసు నాచారం పారిశ్రామికవాడలో ఒక గోదాము పై అంతస్తులో ఉంది. అతనూ స్వర్ణలతా సైబర్ విభాగంలో ఒకే బ్యాచ్. ఆమె బయటికొచ్చి అద్దె గదిలో ఏజెన్సీ పెట్టుకుంటే, అతను బయటికొచ్చి పోలీసులకూ కోర్టులకూ డిజిటల్ సాక్ష్యాల నిపుణుడయ్యాడు. ఈ కేసులో కంప్యూటర్‌ను పరీక్షించింది అతనే. అతని సమక్షంలో, అతని గదిలోనే, ఒక గంటసేపు చూసుకోవచ్చని కోర్టు స్వర్ణలతకు అనుమతిచ్చింది. జనార్ధనరావును లోపలికి రానివ్వలేదు. ఆయన కింద కారులో కూర్చున్నాడు.

"గంటంటే గంటే స్వర్ణా" అన్నాడు సుధీంద్ర, గోడ గడియారం చూపిస్తూ. "డ్రైవ్ మీద కొత్తగ ఏం రాయడానికి వీల్లేకుండా కట్టేసి పెట్టిన. చదువుకో. ఏం దొరకదు. నేను మూడు రోజులు కూసున్న."

కంప్యూటర్ టేబుల్ మీద పక్క రేకు తీసి ఉంది. లోపల దుమ్ము మందంగా పేరుకుంది. ఎస్ఎస్‌డీ ఉన్న అర దగ్గర మాత్రం ఆ దుమ్ము చెదిరి, వేళ్ళు జరిగిన చారలు కనిపించాయి. స్వర్ణలత వాటిని చూసింది కానీ మాట్లాడలేదు. డ్రైవ్ తన గురించి తాను రాసుకునే లెక్కలను తెరిచింది: ఎన్నిసార్లు వెలిగించారు, ఎంత డేటా రాశారు, మొత్తం ఎన్ని గంటలు నడిచింది.

ఆ చివరి అంకె దగ్గర ఆగిపోయింది.

ముప్పై ఒకటి.

"సుధీంద్రా, ఈ గంటలు నువ్వు నడిపినయా?"

"సీల్ ఇప్పినప్పుడే ముప్పై ఒకటి ఉన్నది. రిపోర్ట్ మొదటి పేజీల రాసిన. నేను దీని కాపీ మీదనే పనిజేసిన."

"ల్యాబ్ కంప్యూటర్ రాత్రింబగళ్ళు నడుస్తది. ఎస్ఎస్‌డీ ఏసి నెల దాటింది. ఏడొందల గంటలు ఉండాలె. ముప్పై ఒకటే ఎట్లుంది?"

సుధీంద్ర తెర దగ్గరికి జరిగాడు.

"సీరియల్ నంబర్ చదువు."

చదివాడు. రాజయ్య బిల్లులోని నంబరు కాదు. ఆమె ఫోన్ అతని ముందు పెట్టింది.

"ఇది వేరే డ్రైవ్. పోలీసులు కంప్యూటర్ గుంజుకపోయింది సాయంత్రం నాలుగింటికి. ముప్పై ఒక్క గంటలు ఎనక్కి లెక్కవెట్టు. అంతకుముందు దినం పొద్దున తొమ్మిది. ఆ దినం హృషికేశ్‌ను గేట్ కాడనే ఆపిన్రు. లోపలికి రానియ్యలే. అది పోలీసుల కాగితంలనే ఉన్నది. మరి ఆయన పాస్‌వర్డ్‌తోని లోపల కూసున్నదెవరు? తేదీలంటవా, కంప్యూటర్ గడియారం ఎనక్కి తిప్పి రిపోర్ట్ రాస్తే పాత తేదీయే పడతది. డ్రైవ్ లోపలి గంటల్ని మాత్రం ఎవ్వడు తిప్పలేడు."

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. ఓడిపోయినవాడి ముఖంలా లేదది.

"మంచిగ పట్టినవ్. ఇగ నేను అడుగుత, నువ్వు జవాబియ్యి. కోర్టుల కంపెనీ వకీలు లేచి, 'డ్రైవ్ చెడిపోయింది, మార్చినం, బ్యాకప్ నుంచి ఫైళ్ళు దించినం' అంటడు. రిపోర్ట్ బ్యాకప్‌ల నుంచే వచ్చిందంటడు. ఏమంటవ్?"

"బ్యాకప్ వాళ్ళ చేతులనే ఉన్నది. ఏమన్నా అంటరు."

"అనని. కాదని నిరూపించు. ఇంకొకటి. మొదటి డ్రైవ్ తీసింది ఎవరు? కంపెనీ తీసి ఉంటే ఆ నెలకు సరిపడ పాత డ్రైవ్ ఏదన్నా తెచ్చి తాపీగ ఏస్తుండె. గిట్ల ఆగమాగం ఎందుకు ఏసిన్రు? పొద్దున వచ్చి చూస్తే ఖాళీ ఉన్నది గనక. అంటే ముందురోజు తీసుకపోయింది నీ మనిషే. సాక్ష్యం మాయం జేసిండని ఇంకో కేసు పడతది. నువ్వు ఆయన్ను బయటికి తెస్తలేవు స్వర్ణా, ఇంకింత లోపలికి తోస్తున్నవ్."

అతను చెప్పింది ముక్క ముక్కా నిజం. సైబర్ విభాగంలో ఉన్నప్పుడు కూడా అంతే. ఆమె పట్టుకున్న ప్రతి ఆధారాన్నీ పై అధికారి ముందు అతను ఇలాగే నింపాదిగా పిండి చేసేవాడు.

"ఇంటికి పోయి ఆ పెద్దాయనకు చెప్పు, ఫికర్ జేసి లాభం లేదని. గంట కూడ అయిపోతున్నది."

"అసలు డ్రైవ్ ఉన్నది" అంది స్వర్ణలత.

అనకుండా ఉండాల్సింది. ఆ మాట నోటి నుంచి జారాక గానీ ఆ సంగతి ఆమెకు తట్టలేదు. కానీ అతని ముఖంలో రంగు మారడం చూశాక ఆగబుద్ధి కాలేదు.

"ఉన్నది. దాంట్ల ఉన్నది ఉన్నట్టు ఉన్నది. రేపు కోర్టుల పెడత. అప్పుడు నీ మూడు రోజుల రిపోర్ట్ ఏమైతదో చూద్దాం."

"యాడుంది?"

ఆమె నవ్వి సంచీ భుజానికి తగిలించుకుంది. మెట్ల మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే అతను కిటికీ దగ్గర ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

*

"మీ అబ్బాయి ఇంట్ల పెట్టిండు" అంది స్వర్ణలత కారు తీస్తూ. "టీవీల వార్త వచ్చిన సాయంత్రమే డ్రైవ్ ఊడదీసి తీసుకొచ్చిండు. రాజన్న కాడ కేబుల్ కొన్నది అందుకే."

జనార్ధనరావు రెండు చేతులూ జోడించాడు. కొడుకు ఇల్లున్న బోడుప్పల్ చేరేదాకా ఆయన అద్దంలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి, "రేపు సాయంత్రానికి వాడు ఇంట్లో ఉంటాడంటావా అమ్మా?" అని అడిగాడు. ఆమె ఉంటాడనే చెప్పింది.

మూడో అంతస్తు ఫ్లాట్‌లో హృషికేశ్ భార్య హరిచందన తలుపు తీసింది. మామగారిని చూసి పక్కకు జరిగింది. స్వర్ణలతను చూసి తలుపు రెక్క వదల్లేదు.

"మామయ్యగారూ, ఫోనైనా చెయ్యకుండా వచ్చారేంటి?"

"హృషి కంప్యూటర్ ఎక్కడుందమ్మా? దొరికిందమ్మా, అంతా దొరికింది!"

ఆమె కదల్లేదు. ఆయనే పక్కనుంచి లోపలికి నడిచాడు. మనవరాలు చదువుకునే గదిలో బల్ల కింద కంప్యూటర్ ఉంది. స్వర్ణలత మోకాళ్ళ మీద కూర్చుని పక్క రేకు జరిపింది. అరలో బిగించకుండా, కొత్త కేబుల్‌కు వేలాడుతూ ఒక ఎస్ఎస్‌డీ. ఫోన్ వెలుగులో లేబుల్ చదివింది. నాలుగు, నాలుగు, ఏడు, ఒకటి.

"అదేనా?" జనార్ధనరావు వంగి చూశాడు.

"అదే సార్."

కంప్యూటర్ తెరుచుకుంది. మొదట గంటల లెక్క చూసింది: ఏడు వందల ఇరవై పైచిలుకు. సరిపోయింది. తర్వాత డ్రైవ్ తెరిచింది. లోపల ఒక్క ఫోల్డరు కూడా లేదు. మొత్తం స్థలం ఖాళీ అని చూపిస్తోంది.

తన పెన్‌డ్రైవ్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్‌తో అడుగు దాకా వెతికింది. ఎక్కడ చదివినా సున్నాలే. ఇంకో చోట, మళ్ళీ ఇంకో చోట చదివింది. సున్నాలు.

"చెరిపినా మళ్ళీ తీయొచ్చు కదమ్మా" అన్నాడు జనార్ధనరావు. "ఎంతోమందికి తీసిచ్చావు కదా..." ఆయన మాట సగంలో ఆగిపోయింది. ఆ సమాధానం ఆయనకు తెలుసు. "హార్డ్ డిస్క్ అయితే" అన్నాడు, చాలా నెమ్మదిగా. "హార్డ్ డిస్క్ అయితే పేరే పోతుంది, దానిమీద ఇంకోటి రాసేదాకా లోపల సరుకు మిగిలే ఉంటుంది. ఇది అలా కాదు. ఫార్మాట్ కొట్టగానే కంప్యూటర్ దీనికి చెబుతుంది, ఈ గదులు ఇక అక్కర్లేదని. ఇది తీరిక చూసుకుని అన్నీ తుడిచేసుకుంటుంది. మళ్ళీ రాసేటప్పుడు ఆలస్యం కాకూడదని. ఆ వేగం కోసమే కదా దీన్ని కొనమన్నాను."

ఆయన పిల్ల మంచం మీద కూర్చున్నాడు.

స్వర్ణలత లేచి నిలబడింది. హరిచందన గుమ్మంలో ఉంది, చీర కొంగు పిడికిట్లో బిగించుకుని.

"ఎప్పుడు తుడిచిన్రు?"

"నాకేం తెలియదు."

"మీ ఇంట్ల, మీ పాప గదిల ఉన్న కంప్యూటర్. మీరు కాకపోతే ఎవరు?"

"నాకేం తెలియదన్నాను కదండీ!"

"రేపు బెయిల్ రాదు. తర్వాత కూడ రాదు. పదకొండు మంది కండ్లు పోయినయ్. వాళ్ళల్ల పొట్టకూటికి కుట్టుపని చేసుకునే ఆమె ఒకామె. నిజం చెప్పిన ఒక్క మనిషి మీ ఆయన. ఆయన రాసిన ఒక్క సాక్ష్యం ఇది. ఎందుకు చేసిన్రు?"

హరిచందన మామగారి వంక చూసింది. ఆయన తలెత్తలేదు.

"ఆయనే చెయ్యమన్నారు" అంది. "జైల్లో, ములాకత్‌లో. ఫార్మాట్ కొట్టెయ్, నాన్నకి చెప్పకు అన్నారు."

"హృషినా?" అన్నాడు జనార్ధనరావు.

"నాన్నకి తెలిస్తే కోర్టుకెళ్తారు, నాన్న ఊరుకోరు అన్నారు. ఆయన్ని పట్టుకెళ్ళిన రెండో రోజే కంపెనీ మేనేజర్ ఫణీంద్రగారు వచ్చారండీ. మా పాప స్నిగ్ధకి చాక్లెట్లు తెచ్చారు. డ్రైవ్ మీ దగ్గరే ఉందని మాకు తెలుసు, తొందరేం లేదు అన్నారు. స్కూలు ఆటోవాళ్ళని నమ్మలేం, రేపట్నుంచి పాపని మా కంపెనీ కారే తీసుకెళ్ళి తీసుకొస్తుంది అన్నారు. వద్దన్నాను. పొద్దున్నే కారు కింద నిలబడి ఉంది. దాన్ని కూర్చోబెట్టుకుని వెళ్ళిపోయింది." ఆమె ఊపిరి పీల్చుకుంది. "ఎవరికి చెప్పను? పోలీసులు మా ఆయన్నే పట్టుకెళ్ళారు. ఆయనకి చెప్తే చెరిపెయ్యమన్నారు. చెరిపేసి, ఫణీంద్రగారికి వీడియో కాల్‌లో చూపించాను. మంచి పని చేశావమ్మా అన్నారు. కేసు చల్లారేదాకా పాపకి కారు ఉంటుందన్నారు. మూడు వారాలుగా రోజూ టైముకి దింపుతున్నారు. అంతేనండీ నాకు కావలసింది. రోజూ అది టైముకి మెట్లెక్కి వస్తే చాలు."

జనార్ధనరావు మనవరాలి దిండు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. కొడుకు లేచి వెళ్ళిపోయిన ఆ రోజు వాడి వెనకాల తను ఏమేం అరిచాడో, ఎలా పిరికివాడన్నాడో, ఆయనకు గుర్తొస్తున్నట్టుంది.

"కాపీ ఏమన్న తీసిన్రా?" అడిగింది స్వర్ణలత. "పెన్‌డ్రైవ్‌ల, ఫోన్‌ల, ఒక్క ఫైలన్నా?"

"లేదండీ. ఏమీ ఉంచొద్దన్నారు ఆయన. ఉంచితే నేను ఎప్పుడో ఒకప్పుడు బయట పెడతానని ఆయన భయం."

"కారు ఎన్నింటికొస్తది?"

హరిచందన గోడ గడియారం వైపు చూసింది. అప్పుడే ఆమె ముఖం మారింది. "వచ్చి ఉండాలే... మీతో మాట్లాడుతూ చూసుకోలేదు."

ముగ్గురూ బాల్కనీలోకి వచ్చారు. కింద పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. పై ఫ్లాట్‌లో ఉండే అదే స్కూలు పిల్ల యూనిఫాం మార్చుకుని ఆడుకుంటోంది. "స్నిగ్ధ వచ్చిందా?" అని హరిచందన పైనుంచి కేకేసింది. "లేదాంటీ, మా కంటే ముందే కారెక్కింది" అంది ఆ పిల్ల.

హరిచందన ఫోన్ మోగింది. పేరు చూసి ఆమె చెయ్యి కదల్లేదు. స్వర్ణలత ఆ ఫోన్ తీసుకుని స్పీకర్ నొక్కింది.

"అమ్మా హరిచందనా, ఫణీంద్రను" అంది మగ గొంతు, ఇరుగుపొరుగు మాట్లాడినంత మామూలుగా. "పాప మా ఇంట్లో ఆడుకుంటోంది. కంగారు పడకండి. అయినా మీరిలా చేస్తారనుకోలేదు. ఖాళీ డ్రైవ్ నాకు చూపించి, అసలుది డిటెక్టివ్ మేడంకి ఇచ్చారటగా?"

"అసలుది అదే" అంది స్వర్ణలత. "నేనే మాట్లాడుతున్న. డ్రైవ్ నా ముందల ఉన్నది. దాంట్ల ఏం లేదు. అంత పోయింది."

"నమస్కారం మేడం. పొద్దున సుధీంద్రగారితో వేరేలా చెప్పారట కదా, ఉన్నదున్నట్టు ఉంది, రేపు కోర్టులో పెడతానని?"

"కోపంల అన్న. అప్పటికి నేను దాన్ని చూడనే లేదు. ఒట్టి మాట అది. మీ మనిషిని పంపియ్యండి, ఆయనే చూసుకుంటడు."

అవతల చిన్న నవ్వు వినిపించింది.

"ఖాళీది నేనిదివరకే చూశాను మేడం. నాకు కావలసింది మీరు కోర్టులో పెడతానన్నది. అది నా చేతికి వచ్చాక పాపని నేనే స్వయంగా తెచ్చి దింపుతాను. ఎవరికైనా చెప్తారా, అది మీ ఇష్టం."

ఫోన్ ఆగిపోయింది.

హరిచందన స్వర్ణలత భుజాలు పట్టుకుని కుదిపింది. "ఇచ్చెయ్యండి! మీ దగ్గరున్నది వాళ్ళకిచ్చెయ్యండి మేడం, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఇచ్చెయ్యండి!"

"నా దగ్గర ఏం లేదమ్మా" అంది స్వర్ణలత.

హరిచందన కూడా ఆ మాట నమ్మలేదు.